చెన్నై గాలిలో పీఎం 2.5 ఇంత అంటున్నారు సరే, అందులో ఉన్నదేమిటి?

రాయపురం_రవి | జనవరి 17, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. భోగి వెళ్లిపోయింది, మా నాన్నగారి దగ్గు మాత్రం ఉండిపోయింది. యాప్ తీస్తే ఒక అంకె, ఒక రంగు. నిన్న లేత ఆకుపచ్చ చూపించి ‘సంతృప్తికరం’ అంది. అదే పూట బాల్కనీ గ్రిల్‌ని తడిగుడ్డతో తుడిస్తే గుడ్డంతా నల్లగా అయింది. వేళ్ల మధ్య నలిపి చూశాను. గరుకు లేదు, జిడ్డుగా అంటుకుంది, సబ్బు పెట్టినా ఒక పట్టాన వదల్లేదు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఈ పీఎం 2.5లో, అంటే గాలిలో తేలే సన్నటి రేణువుల్లో, ఉండే పదార్థం ఏది? మట్టా, మసా, బొగ్గా? ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని బరువు చెబుతున్నారు గానీ, అవి వేటి మైక్రోగ్రాములో చెప్పరేం?

ఓఎంఆర్_కిరణ్ | ఉదయం 8:32

రవిగారూ, ముందు నాన్నగారిని డాక్టరుకు చూపించండి. గాలి సంగతంటారా, మనది ఢిల్లీ కాదు. మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి వచ్చి అంతా ఊడ్చేస్తుంది. భోగికి టైర్లు కాల్చడం మానిపిస్తే మన ఊరికి పెద్ద సమస్యేమీ లేదని నా అభిప్రాయం.

పద్మ_వేళచ్చేరి | ఉదయం 9:05

మా ఇంట్లో ఒక చిన్న సెన్సర్ ఉంది. తెల్లవారుజామున దాని అంకె ఎక్కడికో వెళ్లిపోతుంది. అదే టైంలో ఇక్కడి ప్రభుత్వ స్టేషన్‌లో అంత ఉండదు. ఎండెక్కాక నాది దానంతటదే దిగుతుంది. ఏది నమ్మాలో తెలియడం లేదు. పాపకు ఉబ్బసం, స్కూలుకు పంపే ముందు రోజూ ఇదే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

శ్రీకర్_ల్యాబ్ | ఉదయం 10:47

రవిగారూ, గాలిలోని రేణువుల మీద పనిచేసే ల్యాబ్‌లో ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

పీఎం 2.5లో చేరడానికి సైజు తప్ప వేరే అర్హత లేదు. 2.5 మైక్రాన్లు గానీ అంతకంటే చిన్నవి గానీ, ఏ పదార్థమైనా ఆ లెక్కలోకే వస్తుంది. తలవెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. స్టేషన్ చెప్పేది వాటన్నిటి మొత్తం బరువు. మూట కట్టిన సంచిని తూచి, లోపల బియ్యముందో యూరియా ఉందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు కదా, ఇక్కడా అంతే.

మీ గ్రిల్ మీద పేరుకున్నది చాలావరకు పెద్ద రేణువులు: డీజిల్ మసి ముద్దలు, టైర్ల అరుగుదల, రోడ్డు దుమ్ము. పీఎం 2.5లో ఎక్కువ భాగం అలా కింద పడదు. వాన వచ్చి కడిగేదాకా రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది. గుడ్డకు అంటింది చూసి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేదాన్ని అంచనా వేయడం కష్టం.

మేం చేసే పని ఇది. 47 మిల్లీమీటర్ల గుండ్రటి ఫిల్టర్ గుండా నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటలు గాలి లాగుతాం. మొత్తం 24 ఘనపు మీటర్లు. గాలిలో 40 మైక్రోగ్రాములుంటే ఫిల్టర్ మీద చేరేది మిల్లీగ్రాము లోపే. తూచే ముందు ఆ ఫిల్టర్‌ని ఒకే చల్లదనం, ఒకే తేమ ఉన్న గదిలో ఒక రోజు ఉంచుతాం, లేకపోతే అది పీల్చుకున్న నీరు కూడా బరువులో కలిసిపోతుంది.

డబ్బా తెరిచి చూస్తే ఫిల్టర్ బూడిదరంగులో ఉంటుంది. కొత్తగా చూసినవాళ్లు ‘అమ్మో, ఎంత మసి’ అంటారు. నిజానికి ఆ రంగంతా కొద్దిపాటి నల్ల కార్బన్‌ది. దానికంటే చాలా ఎక్కువ బరువుండే అమ్మోనియం సల్ఫేట్ తెల్లటి ఉప్పు, ఫిల్టర్ మీద కంటికి ఆనదు. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే. మన ఊరి పీఎం 2.5లో పెద్ద వాటా ఏ గొట్టం నుంచీ రేణువుగా బయటికి రాలేదు. వాయువుగా వచ్చి, గాలిలో ఉండగానే ఉప్పుగా మారింది.

బొగ్గులోనో నూనెలోనో ఉన్న గంధకం కాలితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. ఎండలో గంటకు సుమారు ఒక శాతం చొప్పున, మబ్బు బిందువుల్లో ఇంకా వేగంగా, అది గంధకామ్లంగా మారుతుంది. మురుగు కాలువలు, పశువులు, ఎరువులు, చెత్తకుప్పల నుంచి వచ్చే అమ్మోనియా దానితో కలుస్తుంది. అప్పుడు పుట్టేది అమ్మోనియం సల్ఫేట్. 64 గ్రాముల వాయువు పూర్తిగా మారితే 132 గ్రాముల ఉప్పు తయారవుతుంది. గొట్టం వదిలిన దానికి రెట్టింపు బరువు మన ముక్కు దగ్గరికి వస్తుందన్నమాట.

వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి అమ్మోనియం నైట్రేట్ కూడా ఇలాగే పుడుతుంది, కానీ అది వేడికి నిలవదు, తిరిగి వాయువైపోతుంది. ఢిల్లీ చలికాలంలో దాని వాటా చాలా పెద్దది. మన దగ్గర సల్ఫేట్‌దే పైచేయి. మిగతాది సేంద్రియ కార్బన్ (ఇదీ బాగా ఎక్కువే ఉంటుంది, కొంత నేరుగా పొగ నుంచి, కొంత వాయువుల నుంచి), నల్ల కార్బన్, మట్టి, సిమెంటు దుమ్ము, సముద్రపు ఉప్పు, అతి స్వల్పంగా లోహాలు.

పద్మగారూ, మీ సెన్సర్ పాడవలేదు. అది లేజర్ కాంతి ఎంత చెదిరిందో చూసి బరువును ఊహిస్తుంది. గాలిలో తేమ 80 శాతం దగ్గరికి వచ్చేసరికి ఈ సల్ఫేట్ రేణువు నీరు పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన రేణువు కాంతిని ఎక్కువ చెదరగొడుతుంది. తెల్లవారుజామున మీరు చూస్తున్న అంకెలో కొంత నీళ్లే. ప్రభుత్వ స్టేషన్లలో గాలిని కాస్త వేడిచేసి కొలుస్తారు. ఆ వేడికి నైట్రేట్ కొంత ఎగిరిపోయే మాట కూడా నిజమే. పాప కోసం చూసేటప్పుడు మీ సెన్సర్ అంకెను గంట గంటకూ పోల్చుకోండి, పక్క స్టేషన్‌తో మాత్రం పోల్చకండి.

మాధవరం_లారీ | ఉదయం 11:20

మాది చిన్న ట్రాన్స్‌పోర్టు. గాలి గురించి ఎక్కడ మాటొచ్చినా మొదట మా లారీలే గుర్తొస్తాయి అందరికీ. హార్బర్ రోడ్డులో కంటైనర్ బండ్లు గంటల తరబడి ఇంజన్ ఆపకుండా క్యూలో నిలబడతాయి, కాదనను. కానీ గంధకం అంటున్నారు కదా, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 డీజిలే పోయిస్తున్నాం. దాంట్లో గంధకం ఎంతుంటుంది?

శ్రీకర్_ల్యాబ్ | ఉదయం 11:41

మంచి ప్రశ్న అన్నా. బీఎస్ 4 డీజిల్‌లో పది లక్షల భాగాలకు 50 భాగాల గంధకం ఉండొచ్చు, బీఎస్ 6లో 10కి మించకూడదు. కాబట్టి సల్ఫేట్ లెక్కలో మీ బండ్ల వాటా చాలా తక్కువ. మీ బండ్ల నుంచి వచ్చేవి మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు. కొత్త ఇంధనం పోసినా పాత ఇంజన్ మసి పెడుతూనే ఉంటుంది. ఇంజన్ కట్టేసినా ఆగనిది ఇంకొకటుంది, బ్రేకు, టైరు అరుగుదల. బ్రేకు లైనింగ్ నుంచి రాగి, బేరియం, యాంటిమొనీ వస్తాయి, టైరు నుంచి జింకు. ఫిల్టర్ మీద ఇవి కలిసి పెరిగితే రోడ్డు పక్కన తీసిన శాంపిల్ అని చెప్పేయొచ్చు.

ఇలా ప్రతి మూలానికీ ఒక గుర్తు ఉంటుంది. కట్టెలు కాలితే పొటాషియం, లెవోగ్లూకోసాన్ అనే చక్కెర జాతి పదార్థం. కట్టడాల దుమ్ముకు కాల్షియం. ఓడల్లో వాడే మడ్డి నూనెకు వనాడియం, నికెల్. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5కి తగ్గించాక రేవుల దగ్గర వనాడియం బాగా తగ్గింది. ఆ గుర్తు మీద ఇప్పుడు మునుపటిలా ఆధారపడలేం.

కొండలరావు_రిటైర్డ్ | మధ్యాహ్నం 12:15

నేను థర్మల్ ప్లాంట్లలో పనిచేసి రిటైరైనవాణ్ణి. శ్రీకర్ చెప్పినదానికి ప్లాంటు లోపలి సంగతి కలుపుతాను.

500 మెగావాట్ల యూనిట్ నిండుగా నడిస్తే రోజుకు ఏడెనిమిది వేల టన్నుల మన దేశపు బొగ్గు కాలుతుంది. అందులో గంధకం అర శాతం వేసుకున్నా రోజుకు 70, 80 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. బూడిదను పట్టడానికి ఈఎస్‌పీ ఉంటుంది, అంటే కరెంటుతో బూడిదను లాక్కునే యంత్రం. సరిగ్గా నడిస్తే 99 శాతం పైగా బూడిద ఆగిపోతుంది, పొగగొట్టం వైపు చూస్తే ఏమీ కనపడదు. ప్లాంటు చూడటానికి వచ్చినవాళ్లు ‘పొగే లేదు సార్’ అని సంతోషంగా వెళ్లేవాళ్లు. వాయువు మాత్రం ఈఎస్‌పీలోంచి హాయిగా వెళ్లిపోతుంది. దాన్ని ఆపాలంటే ఎఫ్‌జీడీ కావాలి, అంటే సున్నపురాయి నీళ్లతో పొగను కడగాలి. ఆ గంధకం జిప్సం అయి కిందికి దిగుతుంది.

2015 డిసెంబరులో కేంద్రం ఈ ప్రమాణాలు తెచ్చింది. ఆ తర్వాత గడువు మీద గడువు. 2025 జులైలో దేశంలోని చాలా ప్లాంట్లను ఆ నిబంధన నుంచి తప్పించారు. ఢిల్లీ చుట్టుపక్కల, పది లక్షలు దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం 2027 చివరిదాకా గడువిచ్చారు. తీవ్ర కాలుష్య ప్రాంతాల దగ్గరున్నవాటిని ఒక్కొక్కటిగా చూసి తేలుస్తామన్నారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైనవని గుర్తించిన 43 ప్రాంతాల్లో ఉత్తర చెన్నైలోని మన మణలి ఒకటి. అత్తిపట్టు, వల్లూరు బొగ్గు ప్లాంట్లు అక్కడికి ఎంత దూరమో మీకందరికీ తెలుసు.

కిరణ్ బాబూ, సముద్రపు గాలి సంగతి. ఒడ్డున ఉన్న ప్లాంటులో పొగ దారి చూస్తూ ఉద్యోగం చేశాను. సముద్రం మీది నుంచి వచ్చే గాలి చల్లగా, కదలిక లేకుండా ఉంటుంది. ఎత్తైన గొట్టం నుంచి వచ్చిన పొగ అందులో పలచటి గీతలా తిన్నగా లోపలికి పోతుంది, చెదరదు. కొన్ని కిలోమీటర్లు వెళ్లాక, ఎండకు వేడెక్కిన నేల మీద గాలి కింద నుంచి పైకి తిరగబడటం మొదలవుతుంది. ఆ తిరుగుడు పొగ ఎత్తుకు చేరగానే మొత్తం ఒక్కసారి నేలకు దిగుతుంది. దీన్నే మేం ఫ్యూమిగేషన్ అనేవాళ్లం. ఇది జరిగేది మధ్యాహ్నం పూట, మీరు ఊడ్చేస్తుందంటున్న గాలిలోనే. గొట్టం కింద ఉన్నవాళ్లకు వాసన కూడా రాదు, దూరంగా ఉన్నవాళ్లకు గొంతు మండుతుంది.

ఓఎంఆర్_కిరణ్ | మధ్యాహ్నం 12:40

బాబాయ్ గారూ, ఈ వివరం ఇంతవరకు ఎవరూ చెప్పగా వినలేదు. ఇంకో సందేహం. సముద్రపు ఉప్పు కూడా పీఎం లెక్కలో కలుస్తుంది కదా. అలాంటప్పుడు తీరాన ఉన్న ఊళ్ల అంకెలో కొంత మన తప్పు కానిది ఉన్నట్టే కదా?

శ్రీకర్_ల్యాబ్ | మధ్యాహ్నం 1:18

ఉన్నట్టే. అయితే అల తుంపర నుంచి వచ్చే ఉప్పులో ఎక్కువ భాగం 2.5 మైక్రాన్ల కంటే పెద్దది, పీఎం 10లో (10 మైక్రాన్ల దాకా ఉన్న రేణువుల లెక్కలో) కనపడుతుంది. సోడియం కొలిస్తే ఎంతో తేలిపోతుంది. ఇంకో విషయం, ఊరి మీదికి వచ్చాక ఆ ఉప్పు ఉప్పుగా మిగలదు. నత్రికామ్లం తగిలితే క్లోరిన్ భాగం వాయువుగా పోయి సోడియం నైట్రేట్ మిగులుతుంది. సోడియంకు తగినంత క్లోరైడ్ లేదంటే ఊరి పొగ దాన్ని తాకిందని అర్థం.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది, సోడియం లేకుండా క్లోరైడ్ మాత్రం ఎక్కువగా దొరకడం. ఐఐటీ మద్రాస్ పరిశోధకులు మిగతావాళ్లతో కలిసి 2021లో ‘నేచర్ జియోసైన్స్’లో ప్రచురించిన అధ్యయనం దీని మీదే. ఢిల్లీలోనూ చెన్నైలోనూ కొలిచారు. ఢిల్లీ రేణువుల్లో క్లోరైడ్ ఎప్పుడూ ఎక్కువే, చెన్నైలో అప్పుడప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది. ప్లాస్టిక్ కలిసిన చెత్త కాల్చడం వల్ల, పరిశ్రమల వల్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాయువుగా వస్తోందని, అది అమ్మోనియాతో కలిసి రేణువులోకి చేరి విపరీతంగా నీరు పీలుస్తుందని వాళ్లు తేల్చారు. ఢిల్లీలో దూరం కనపడకపోవడానికి దాదాపు సగం కారణం అదేనన్నారు. పెరుంగుడి, కొడుంగయ్యూరు చెత్తకుప్పల పక్కన ఉండేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పద్మ_వేళచ్చేరి | మధ్యాహ్నం 1:50

2022 ఏప్రిల్‌లో పెరుంగుడి కుప్ప అంటుకున్నప్పుడు తలుపులు కిటికీలు మూసుకుని కూర్చున్నాం. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేను. మంట ఆరిందా లేదా అనే అందరూ మాట్లాడారు గానీ, ఆ పొగలో ఏముందో మాకు ఎవరూ చెప్పలేదు.

భోగి గురించి కూడా అడగాలి. మా అత్తగారికి పిడకల దండ వేయకపోతే పండగ కాదు. టైర్లు, పాత ప్లాస్టిక్ కుర్చీలు మేం ఎప్పుడూ వేయం. పిడకలు, కట్టెలు అయితే పరవాలేదా?

నెల్లూరు_చిన్నోడు | మధ్యాహ్నం 2:04

అక్కా, మా ఊళ్లో పెరట్లో వేసే మంట వేరు. చెన్నైలో సందుకో మంట వేస్తే అదంతా ఎక్కడికి పోతుంది? 2018 భోగి నాడు ఆ పొగమంచుకు విమానాలనే దారి మళ్లించారు కదా.

బాబాయ్ గారూ, మా వైపు కృష్ణపట్నంలో కూడా బొగ్గు ప్లాంట్లున్నాయి. గాలి ఈశాన్యం నుంచి వీచే నెలల్లో అక్కడి గంధకం చెన్నై దాకా వస్తుందా?

శ్రీకర్_ల్యాబ్ | మధ్యాహ్నం 2:35

గంటకు ఒక శాతం చొప్పున మారుతుందన్నాను కదా, ఆ నెమ్మదితనం వల్లే సల్ఫేట్ వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కోస్తా పొడవునా ఉన్న గొట్టాలన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. గాలి దిశను బట్టి మన సల్ఫేట్ కూడా అటు వెళ్తుంది. ఒక్క ఊరి కార్పొరేషన్ రోడ్లు ఊడ్చి, నీళ్లు చల్లి దీన్ని తగ్గించలేదు. నీళ్లు చల్లితే తగ్గేది మట్టి.

పద్మగారూ, పిడకల పొగలో టైరు పొగలోలా జింకు ఉండదు, కుర్చీ పొగలోలా అంత ఆమ్లం రాదు. కానీ పొగ పొగే, ఉబ్బసం ఉన్న పాపకు అది మంచిది కాదు. దండలోంచి ఒక్క పిడక తీసి శాస్త్రానికి వెలిగించి, మిగతావి పెరట్లో ఎరువులో కలిపేయమని అత్తగారికి చెప్పి చూడండి. భోగి తెల్లవారుజామున గాలి నేలకు పట్టేసి ఉంటుంది, పైకి పోదు. అదే మంట మధ్యాహ్నం వేస్తే ఇంత ఇబ్బంది ఉండదు, కానీ భోగి మంట మధ్యాహ్నం వేయమని నేను ఎవరికీ చెప్పలేను.

డా_సుజాత | సాయంత్రం 6:20

ఇప్పుడే ఓపీ ముగిసింది. రవిగారూ, నాన్నగారి దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తప్పకుండా చేయించండి. అంతా గాలి మీదికి నెట్టేసి టీబీని వదిలేసిన కేసులు చూస్తుంటాం. అది కాదని తేలాక ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష చేయించండి.

యాప్‌లో ‘సంతృప్తికరం’ అంటే ఏమిటో కూడా చెప్పాలి. మన గాలి నాణ్యత సూచీ ప్రకారం పీఎం 2.5 24 గంటల సగటు 31 నుంచి 60 మైక్రోగ్రాముల దాకా ఉంటే ఆ మాటే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన 24 గంటల హద్దు 15. లేత ఆకుపచ్చ చూసి ఉబ్బసం రోగులు ఇన్‌హేలర్ ఇంట్లో వదిలేసి వెళ్లకూడదు.

ఇందులో ఏ పదార్థం ఎక్కువ హాని చేస్తుందన్న చర్చ వైద్యంలో ఇంకా నడుస్తూనే ఉంది. శుద్ధమైన అమ్మోనియం సల్ఫేట్ ఒక్కదాన్నే ల్యాబ్‌లో పరీక్షిస్తే అంత విషంగా కనపడదు. కానీ గాలిలో అది ఒంటరిగా ఉండదు. ఆమ్లం ఎక్కువైనప్పుడు పక్కనున్న ఇనుము, రాగి లాంటి లోహాలను కరిగిస్తుంది. కరిగిన లోహం ఊపిరితిత్తుల పొరమీద చేసే హాని ఎక్కువ. డీజిల్ పొగను 2012లో, బయటి గాలిలోని రేణువులను 2013లో క్యాన్సర్ కారకాలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఎన్95 మాస్కు సరిగ్గా బిగించుకుంటే మసినీ సల్ఫేట్‌నీ ఆపుతుంది. కొండలరావుగారు చెప్పిన గొంతుమంట వాయువును ఆపదు.

రాయపురం_రవి | రాత్రి 9:15

డాక్టర్ గారూ, రేపే నాన్నగారిని తీసుకెళ్తాను. అందరికీ ధన్యవాదాలు.

ఒక సంగతి గమనించాను. 2009 జాతీయ ప్రమాణాల్లో మొత్తం 12 కాలుష్యకాలున్నాయి. అందులో సీసం, ఆర్సెనిక్, నికెల్, బెంజో పైరీన్ (పొగలో ఉండే క్యాన్సర్ కారక పదార్థం) పేర్లు పెట్టి మరీ హద్దులిచ్చారు. ఏడాది సగటు సీసం 0.5 మైక్రోగ్రాములు, ఆర్సెనిక్ 6 నానోగ్రాములు, నికెల్ 20, బెంజో పైరీన్ 1. అంటే రేణువుల్లో ఏముందో చూడాలని చట్టమే చెబుతోంది. నా యాప్‌లో మాత్రం ఈ నాలుగూ ఎక్కడా కనపడవు.

గిండీలోని కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయానికి సమాచార హక్కు కింద అర్జీ రాస్తున్నాను. మూడు ప్రశ్నలు. ఉత్తర చెన్నై స్టేషన్లలో ఈ నాలుగూ గత ఐదేళ్లలో ఎంతెంత నమోదయ్యాయి? పీఎం 2.5లో సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియం, క్లోరైడ్ ఎప్పుడైనా కొలిచారా, కొలిస్తే తేదీల వారీగా ఇవ్వండి. అత్తిపట్టు, వల్లూరు యూనిట్లలో ఎఫ్‌జీడీ ఏ దశలో ఉంది? ఇంకేమైనా కలపాలా?

కొండలరావు_రిటైర్డ్ | రాత్రి 9:32

మూడో ప్రశ్నలో యూనిట్ నంబర్ వారీగా అడుగు బాబూ. ‘పనులు జరుగుతున్నాయి’ అని ఒక్క ముక్కలో ముగించకుండా ఉంటారు. గొట్టం దగ్గర ఆన్‌లైన్ మీటరు ఉంటుంది, దాని సల్ఫర్ డయాక్సైడ్ గంటవారీ రీడింగులు కూడా అడుగు.

శ్రీకర్_ల్యాబ్ | రాత్రి 9:58

రెండో ప్రశ్నకు ఒక వాక్యం కలపండి రవిగారూ. శాంపిల్ ఏ ఫిల్టర్ మీద తీశారో కూడా రాయమనండి. టెఫ్లాన్ మీద తీస్తే లోహాలు, బరువు బాగా వస్తాయి, కార్బన్ కొలవలేం. కార్బన్ కావాలంటే పక్కనే క్వార్ట్జ్ ఫిల్టర్ పెట్టి ఉండాలి. పెట్టకపోతే మీ గ్రిల్ మీది మసి గురించి వాళ్ల దగ్గర లెక్కే ఉండదు. జవాబు ఇవ్వడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. వచ్చాక కాగితాలు ఇక్కడే పెట్టండి, కూర్చుని లెక్క తేలుద్దాం.